వలందా కంపెనీ, ఆర్.కె. పురం శాఖ

మా వసంత్ కుంజ్ ఫ్లాటుకి ఎవరైనా చెప్పాపెట్టకుండా వస్తే నాకు ముందు అనుమానం కలుగుతుంది, సంతోషం ఆ తరవాత. మొన్న ఆదివారం చిత్ర వచ్చినప్పుడూ అదే వరస. చిత్ర మా ఆడపడుచు మనవరాలు. గ్రేటర్ నోయిడాలో ఏదో యూనివర్సిటీ హాస్టల్లో ఉంటుంది. అక్కడి నుంచి ఇక్కడికి రావాలంటే బస్సెక్కాలి, మెట్రో మారాలి, చివర్లో ఆటోవాడితో పోట్లాడాలి. ముసలిదాన్ని చూడ్డానికి ఇంత ప్రయాస ఎవరు పడతారు? తలుపు తీస్తూనే, దీనికి నాతో ఏదో పనుంది అనుకున్నాను. దిబ్బరొట్టె సగం అయ్యేదాకా అది బయటపడలేదు, నేనూ అడగలేదు. మిగతా సగం తింటూ ఫోను నా ముందు పెట్టింది. మర్నాడు చరిత్ర పరీక్షట. ఒకప్పుడు సముద్ర వ్యాపారంతో లోకంలో అందరికంటే సంపన్నులైన హాలెండువాళ్ళు ఎలా పైకి వచ్చారో, ఎందుకు దిగజారారో కారణాలు రాయాలట.

“నానీ, ఆప్ తో హిస్టరీ పఢాతీ థీ నా! కొంచెం పాయింట్స్ చెప్పండి. రైజ్‌కి కొన్ని, ఫాల్‌కి కొన్ని. బస్.”

చెప్పాను. ఉద్యోగమంతా చెప్పిన పాఠమే, నిద్రలో లేపి అడిగినా తడుముకోను. సముద్రమట్టానికి దిగువన చిత్తడి నేల. గట్లు కట్టుకుని, గాలిమరలతో నీళ్ళు తోడుకుంటే తప్ప కాలు మోపడానికి చోటులేని దేశం. ఉప్పుచేపలతో మొదలుపెట్టి, పొరుగువాళ్ళకంటే చౌకగా ఓడలు కట్టి, తక్కువ మందితో వాటిని నడిపి, ఒకరి సరుకు ఇంకొకరికి చేరవేస్తూ బాగుపడ్డారు. రాజుగారి ఖజానా కోసం కాచుకోకుండా, రొట్టెలు కాల్చేవాడి దగ్గర్నుంచి మొగుడు పోయిన ఆడవాళ్ళ దాకా తలా ఒక వాటా వేసుకుని కంపెనీ పెట్టారు. సుగంధద్రవ్యాలు పండే దీవుల్లో వెండికంటే మన బట్టకి గిరాకీ ఎక్కువని తెలుసుకుని, ఆ బట్ట కోసం మన బందరు రేవుకి వచ్చారు. ఆ దీవుల్లో మనుషుల్ని ఊచకోత కోశారు కూడా, ఆ ముక్క పిల్లలు పరీక్షల్లో మర్చిపోతూ ఉంటారు. హాలెండులో మామూలు సంసారుల ఇళ్ళల్లో సైతం గోడలకి రంగుల బొమ్మలు వేలాడాయి. ఆ తరవాతి తరాలవాళ్ళు ఓడలెక్కడం మాని వడ్డీల మీద బతకడం నేర్చారు. పదవులు అల్లుళ్ళకీ బావమరుదులకీ పంచుకున్నారు. కంపెనీ నౌకర్లు కంపెనీ ఓడల్లోనే తమ దొంగసరుకు ఎక్కించారు. ఇంగ్లీషువాళ్ళతో యుద్ధాలు, మిగతా దేశాల పోటీ, జనం మోజు మారిపోవడం. చివరికి అప్పుల్లో మునిగి కంపెనీ మూతపడింది.

చిత్ర టకటకా ఫోన్లోకి ఎక్కించుకుంది. నాకు మాత్రం కారణాలు అలా ఒకదాని వెంట ఒకటి బుద్ధిగా నిలబడితే ఎప్పుడూ అనుమానమే. ముందే కూడబలుక్కుని వచ్చిన సాక్షుల్లా కనిపిస్తాయి. “ఇది రాయకు గానీ, మా నాయనమ్మ ఇంకో కారణం చెప్పేది” అన్నాను. “సిలబస్ మే నహీ హై, నానీ” అంది చిత్ర రొట్టెముక్క నోట్లో పెట్టుకుంటూ. చీకటి పడకముందే హాస్టలు చేరాలని అది వెళ్ళిపోయింది. నాయనమ్మ మాత్రం ఇక్కడే ఉండిపోయింది. వారమైంది, వంటింట్లో ఏ డబ్బా మూత తీసినా ఆవిడే.

నేను పెరిగింది ఆర్.కె. పురంలో, సర్కారు క్వార్టర్లో. నాన్న ఉద్యోగ్ భవన్లో గుమాస్తా. రెండు గదులు, ఒక వంటిల్లు, పడమటి వైపు చిన్న బాల్కనీ. నాయనమ్మ బందరు మనిషి. తాతయ్య పోయాక నాన్న ఆవిణ్ణి ఢిల్లీ తీసుకొచ్చాడు. రైలు దిగుతూనే ఆవిడ కూలీ మొహం చూసి, “వీడు పెట్టెతో పారిపోయేలా ఉన్నాడురా, ముందు నువ్వు నడు, నేను వాడి వెనకాల వస్తాను” అందట. పాపం ఆ కూలీ వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ నడిచాడని నాన్న నవ్వేవాడు. హిందీ ఒక్క ముక్క రాదు ఆవిడకి. అయినా పాలవాడూ, కూరలవాడూ, చాకలీ ఆవిడకే భయపడేవాళ్ళు. పాలచుక్క బొటనవేలి గోరు మీద వేసి, అది జారే తీరు చూసి, “పానీ” అనేది. ఆవిడ నేర్చుకున్న మొదటి హిందీ మాట అదే. పాలవాడు దేవుడి మీద ఒట్టేస్తే, “దేవుణ్ణి కూడా పిలవమను, ఆయన గోరు మీదా వేసి చూస్తాను” అనేది తెలుగులో. వాడికి అర్థమయ్యేది కాదు గానీ మర్నాటి పాలు కాస్త చిక్కగా ఉండేవి.

అన్నిటికీ మచ్చు ఉండేది మా ఇంట్లో. మచ్చు అంటే సరుకులోంచి తీసి దాచిన చిటికెడు. ఈ నెల కందిపప్పు వస్తే గుప్పెడు తీసి గాజుసీసాలో పోసేది, పైనెల పప్పు దాని పక్కన అరచేతిలో పోసుకుని చూడ్డానికి. టీపొడి మచ్చు, ఇంగువ మచ్చు, నెయ్యి మచ్చు, చివరికి చాకలివాడు గంజి పెట్టిన గుడ్డముక్క మచ్చు. వంటింటి అలమర తీస్తే ఇంగువ, పాతనెయ్యి, గంజి కలిసిన ఒక వాసన గుప్పుమనేది. వేసవిలో కూలరు చాపల వట్టివేరు వాసన ఎంత కమ్మగా వీచినా అలమర దగ్గర ఓడిపోయేది. అమ్మ వండిన పప్పు తిని నాయనమ్మ ఏనాడూ బాగుందనలేదు. “నిన్నటిలాగే ఉంది” అనేది. అదే మెప్పు. అది అందుకోవడానికి అమ్మ పొద్దున్నించీ పొయ్యి దగ్గర ఉసూరుమంటూ ఉండేది.

ఈ పద్ధతి వలందా వాళ్ళ దగ్గర్నుంచి వచ్చిందని నాయనమ్మ చెప్పేది. హాలెండువాళ్ళని బందరులో పాతకాలపు ముసలివాళ్ళు అలాగే అనేవారు. మా పూర్వీకులు వలందా కంపెనీకి నేతగాళ్ళ దగ్గర బట్ట సేకరించి ఇచ్చే దళారులట. “దొర మనల్ని నమ్మేవాడు కాదు, మనం దొరని నమ్మేవాళ్ళం కాదు. ఇద్దరి మధ్యా మచ్చు ఉండేది. బేరం కుదిరిన రోజున బట్టలోంచి ముక్క కోసి, దాన్ని సగం చేసి, ఒకటి వాడు, ఒకటి మనం దాచుకునేవాళ్ళం. ఓడొచ్చేనాటికి బేళ్ళు విప్పి ఆ ముక్క పక్కన పెట్టి చూడ్డమే. కలిస్తే ఓడెక్కుతుంది, లేకపోతే ఇంటికొస్తుంది. మచ్చుకి చుట్టాలుండరే పాపా!” అనేది. మరి వాళ్ళెందుకు పడిపోయారు నాయనమ్మా అంటే, “మచ్చు చూడ్డం మానేసి మనుషుల్ని నమ్మారు, అందుకు” అని ఠక్కున చెప్పేది. ఇందులో ఎంత నిజమో నాకు తెలీదు. ఎవరైనా తాతముత్తాతల గురించి చెబితే సగం తీసేసి వినమని నేర్పింది ఆవిడే కాబట్టి, ఆవిడ చెప్పినదాంట్లోనూ సగం తీసేసే వినేదాన్ని.

అమ్మకి ఢిల్లీలో ఒక్కతే మనిషి ఉండేది, రాజేశ్వరి. నేను రాజీ ఆంటీ అనేదాన్ని. సరోజినీ నగర్ మార్కెట్లో అమ్మ బెండకాయల కొసలు విరిచి చూస్తుంటే కూరలవాడు తిట్టాడట. పక్కనుంచి ఎవరో, “విరవకపోతే ముదిరినవి అంటగడతాడు, విరిస్తే తిడతాడు, మనమెక్కడికి పోవాలమ్మా” అన్నారట. ఢిల్లీ సంతలో తెలుగు వినపడేసరికి అమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయట. ఆవిడ భర్త సైన్యంలో సుబేదారు, కంటోన్మెంటులో క్వార్టరు. పుట్టిల్లు బందరు పక్కన పెడన. వారానికోసారైనా ఆంటీ మా ఇంటికొచ్చేది, లేకపోతే మేం వెళ్ళేవాళ్ళం. ఇద్దరూ వంటింట్లో పీటలు వాల్చుకుని ఒకే కంచంలో కలుపుకు తినేవాళ్ళు. “ఒసే సుశీ, ఉప్పు మీ అత్తగారు కొలిచి ఇచ్చిందా ఏమిటే?” అని ఆంటీ గుసగుసగా అంటే అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. ఆ నవ్వు ఇంకెవరి దగ్గరా నేను వినలేదు. నాన్న మంచివాడే, కాని ఆఫీసు ఫైళ్ళ సంగతి తప్ప ఇంట్లో మాట్లాడేవాడు కాదు. నాయనమ్మ సంగతి చెప్పనే చెప్పాను. అమ్మకి ఊపిరాడేది రాజీ ఆంటీ వచ్చినప్పుడే.

ఆంటీ వాళ్ళ అన్నయ్యకి పెడనలో అద్దకం షెడ్డు ఉండేది. ఒకసారి ఆయన పంపిన నీలి దుప్పటి, తెల్ల తీగలు అల్లుకున్నది, ఆంటీ తన మంచం మీద పరిస్తే పై క్వార్టరు పంజాబీ ఆవిడ చూసి పట్టు పట్టి కొనుక్కుపోయింది. అక్కణ్ణుంచి మొదలైంది. అమ్మా, ఆంటీ, మా కాలనీలో ఇంకో ముగ్గురు తెలుగు ఇల్లాళ్ళూ తలా కొంత వేసుకుని దుప్పట్లు, పరదాలు తెప్పించడం మొదలుపెట్టారు. రైల్లో మూటలు వచ్చేవి. నాన్న దానికి “వలందా కంపెనీ, ఆర్.కె. పురం శాఖ” అని పేరు పెట్టాడు. దానికి నాణ్యం చూసే అధికారి ఎవరో వేరే చెప్పాలా? మొదటి మూటలోంచి నాయనమ్మ జానెడు ముక్క కోయించింది. “మచ్చు” అంది. ఆవిడ మొహం ఢిల్లీ వచ్చాక అంత వెలగడం అదే మొదలు.

ఆ ముక్కని ఎక్కడ దాచాలన్నది పెద్ద సమస్యయింది ఆవిడకి. పెట్టెలో పెడితే ఎవరైనా తీసి వేరే ముక్క పెట్టచ్చు. అలమరలో పెడితే అమ్మ చేతికి అందుతుంది. చివరికి ఒక అట్టముక్కకి దాన్ని నాలుగు వైపులా కుట్టి, కుట్టు చివర తనకి మాత్రమే తెలిసిన ముడి వేసి, వంటింటి పడమటి కిటికీ పక్కన మేకుకి తగిలించింది. “పొద్దస్తమానం నా కళ్ళెదురుగా ఉండాలి. ఎవడు మారుస్తాడో చూస్తాను” అంది. నాన్న పేపరు దించి, “ఇంట్లో ఉన్నది మనమేగా అమ్మా, ఎవరు మారుస్తారు?” అన్నాడు. “వలందా దొర కూడా అలాగే అనుకున్నాడు” అంది నాయనమ్మ. నాన్న పేపరు మళ్ళీ ఎత్తుకున్నాడు.

ఆ రెండేళ్ళూ మా ఇంటి దశ తిరిగింది. మూట వచ్చిన రోజు పండగే. బాల్కనీలో చాప పరిచి దుప్పట్లు విప్పేవాళ్ళు. కొత్త అద్దకం వాసన, కొంచెం పులుపు, కొంచెం మట్టి, ఇల్లంతా పట్టేది. నాయనమ్మ అట్టముక్క మేకు మీంచి తీసి ఎండలో కూర్చుని ఒక్కొక్క దుప్పటీ దాని పక్కన పెట్టి చూసేది. “బట్టని దీపం కింద చూసినవాడు మోసపోతాడు, ఎండలో చూసినవాడు బతుకుతాడు” అనేది. అతుకున్నవీ, అద్దకం చెదిరినవీ పక్కన పడేసేది. ఆవిడ తీసేసిన దుప్పటి ఎవరింటికీ వెళ్ళేది కాదు. అందుకే మా సరుక్కి పేరొచ్చింది. కంటోన్మెంటులో ఆఫీసర్ల భార్యలు ఆంటీ ఇంటికి వచ్చి అడిగి కొనుక్కునేవాళ్ళు. అమ్మ చేతులకి కొత్త గాజులొచ్చాయి, మాకు గోడమీద రంగుల సీనరీ ఒకటి వచ్చింది. నాయనమ్మ దుప్పటి చూస్తున్నంతసేపూ అమ్మ గుమ్మంలో నిలబడి ఉండేది. అన్నీ నెగ్గాయంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళు. అత్తాకోడళ్ళు అలా నవ్వుకోవడం నాకు కొత్త. అది ఎన్నాళ్ళుంటుందో అని లోపల భయంగానే ఉండేది.

మొదట తేడా చిన్నగానే వచ్చింది. “ఈసారి నీలం కొంచెం ఎక్కువైంది” అంది నాయనమ్మ ఒకసారి. ఇంకోసారి రెండు దుప్పట్లు పక్కన పెట్టింది. ఆ పైసారి సగం మూట. కాలనీలో వాటాదార్లు గుసగుసలాడడం మొదలుపెట్టారు. మూట ముందు రాజేశ్వరి ఇంటికే ఎందుకు వెళుతుంది? ఆఫీసర్ల ఇళ్ళకి ఏది పోతుందో, మనకి ఏది వస్తుందో ఎవరు చూశారు? ఒకావిడ ఇంకొకావిడ పరదా గుడ్డ తడిమి చూసి, “మీది మాదానికంటే మెత్తగా ఉందే” అని ఊరుకునేది. ఆ ఊరుకోవడం చాలు. నాయనమ్మ అన్నీ విని తల ఊపేది. అప్పటికి తేల్చుకుంది ఆవిడ, ఇది నీలిమందు కాదు, రసాయనం రంగు, చౌకది, అందుకే ఇలా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది అని.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం రాజీ ఆంటీ కొత్త మూటతో వచ్చింది. సుబేదారు గారి స్కూటరు మీద ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఆయన కిందనే దింపి వెళ్ళిపోయాడు. మూట విప్పగానే నాయనమ్మ అట్టముక్క దాని మీద పెట్టింది.

“రాజేశ్వరీ, మీ అన్న నీలిమందు మానేశాడా?”

“లేదు పిన్నిగారూ. అదే తొట్టి, అదే రంగు.”

“అదే రంగైతే నా మచ్చుతో కలవదేం?”

“కలవకపోవడమేంటండీ, ఏదీ” అంటూ ఆంటీ వంగి చూసింది. తేడా గుడ్డివాడికైనా తెలుస్తుంది. దుప్పటి ముదురు నీలం, అట్ట మీది ముక్క మబ్బుపట్టిన ఆకాశంలా ఉంది. ఆంటీ మొహంలో రక్తం లేదు. వేలితో దుప్పటి రుద్ది చూసింది, వాసన చూసింది. “మా అన్నయ్య అలాంటివాడు కాదండీ” అంది.

“అలాంటివాళ్ళెవరూ ఉండరమ్మా. రంగులే అలా మారిపోతూ ఉంటాయి” అంది నాయనమ్మ.

ఆంటీ అమ్మ వైపు తిరిగింది. “ఒసే సుశీ, నువ్వు చెప్పు.”

అమ్మ అట్ట వైపు చూసింది, దుప్పటి వైపు చూసింది, మళ్ళీ అట్ట వైపు చూసింది. “తేడా అయితే ఉంది రాజీ” అంది నెమ్మదిగా. ఆంటీ మూట అక్కడే వదిలేసింది. చెప్పులేసుకుని బస్‌స్టాపు వైపు వెళ్ళిపోయింది. అమ్మ కలిపి ఉంచిన కాఫీ వంటింట్లో చల్లారిపోయింది.

కంపెనీ నెల తిరక్కుండా మూతపడింది. వాటాదార్లు ఎవరికి చేతికందిన దుప్పట్లు వాళ్ళు పట్టుకుపోయారు. నాన్న అమ్మని ఓదార్చబోయి, “అసలు వలందా కంపెనీ కూడా ఇలాగే పోయింది” అని చరిత్ర మొదలుపెడితే అమ్మ ఆయన ముందు గిన్నె దబ్బున పెట్టింది. ఆంటీ రావడం మానేసింది. పాల బూత్ దగ్గర ఎవరో చెప్పారు, సుబేదారు గారికి జబల్‌పూర్ బదిలీ అయిందట, సామాన్లు సర్దుకుంటున్నారట అని. ఆ రోజు అమ్మ అన్నం తినలేదు. “వెళ్ళి చూసి రాకూడదూ” అన్నాడు నాన్న. “ఏ మొహం పెట్టుకుని? మోసం చేసిందనా, చెయ్యలేదనా?” అంది అమ్మ.

అదే వారం క్వార్టర్లకి సున్నం వేసేవాళ్ళు వచ్చారు. వంటింట్లో సామానంతా దించాం. నాయనమ్మ పై అంతస్తులో ఎవరింట్లోనో ఎండకి కూర్చుంది. అమ్మ మేకు మీంచి అట్టముక్క తీసి, దాని మీద పడ్డ సున్నం తుడుస్తూ ఆగిపోయింది. ఒక మూల కుట్టు వదులై గుడ్డ అంచు కొంచెం మడతపడింది. మడత లోపలివైపు ముదురు నీలం. అమ్మ నా వైపు చూసి, “కత్తెర తేవే” అంది. తెచ్చాను. నాలుగు వైపులా కుట్లు తెంపింది. ముక్కని అట్ట మీంచి తీసి తిరగేసింది. అట్టకి ఆనుకుని ఉన్న వైపు, ఎండ మొహం చూడని వైపు, మొదటి రోజు రంగు అలాగే ఉంది. రాజీ ఆంటీ మూటలోని రంగే. అమ్మ ఆ సున్నం మరకల మధ్య నేల మీద చతికిలపడి, “అయ్యో రాజీ! అయ్యో నా తల్లీ!” అని ఏడ్చింది.

రోజూ చూసేదాన్ని ఎవరూ చూడరు. రెండు వేసవులు ఢిల్లీ పడమటెండ ఆ కిటికీలోంచి దాని మీద పడింది, అది రోజుకింత వెలిసింది, మేమంతా దాన్నే చూస్తూ కూరలు తరిగాం. మనుషులు మార్చేస్తారని దానికి కాపలా కాసింది నాయనమ్మ. మనుషులు మార్చలేదు. ఆవిడకి పప్పు మీద అనుమానం, పాల మీద అనుమానం, కోడలి మీద, కోడలి స్నేహితురాలి మీద, ఆవిడ అన్న మీద అనుమానం. మచ్చు మీద మాత్రం రాలేదు. హాలెండువాళ్ళు కూడా లోకం మోజు మారిపోయాక తాతలనాటి ముక్క పట్టుకుని వచ్చిన బేళ్ళన్నీ తిప్పికొట్టి ఉంటారని చరిత్ర పంతులమ్మగా నాకు తోస్తుంది. కాని ఆ పోలిక మరీ చక్కగా కుదిరింది కాబట్టి దాన్నీ నేను నమ్మను.

నాయనమ్మ కిందికి రాగానే అమ్మ ముక్క ఆవిడ ఒళ్ళో పెట్టింది. “అత్తయ్యా, చూడండి. ఎండకి వెలిసింది. వెనకవైపు చూడండి. రాజీ తెచ్చిన రంగే.”

నాయనమ్మ ముక్క వైపు చూడలేదు. ఖాళీ అట్ట వైపు చూసింది. “కుట్లెవరు విప్పారు?”

“నేనే.”

“నన్ను పిలవకుండానా?”

“పిలిస్తే విప్పనిచ్చేవారా?”

“విప్పాక అది మచ్చు కాదమ్మా, గుడ్డపేలిక. నా ముడి పోయింది. నువ్వు ఏ ముక్క తీశావో, ఏ ముక్క పెట్టావో నాకేం తెలుసు?”

కోపంగా అనలేదు, అదే భయంకరం. నిజంగానే ఆవిడకి తెలీదు, తెలుసుకునే దారి కూడా లేదు.  గుమ్మంలో నిలబడ్డ నాన్న నెమ్మదిగా గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ ఇద్దరూ ఆ తరవాత చాలా ఏళ్ళు ఒకే పొయ్యి దగ్గర మసిలారు. నాయనమ్మ ఆఖరి రోజుల్లో పక్క మీంచి లేవలేకపోతే అమ్మే ఎత్తి కూర్చోబెట్టి తినిపించింది. కాని దుప్పట్ల రోజుల్లో నవ్వుకున్న నవ్వు మళ్ళీ నవ్వుకోలేదు. నాయనమ్మని క్షమించాలని నేను ఈ వయసులో కూడా ప్రయత్నిస్తూ ఉంటాను, సగమే కుదురుతుంది.

ఆవిడ ఇప్పుడుంటే ఎంత సుఖపడేదో! మా సొసైటీ గేటు దగ్గర చిత్ర మొన్న తన ఫోటో తీయించుకుంది, నా ఫోన్లో నేను సరే అన్నాకే కాపలావాడు లోపలికి వదిలాడు. ప్రతి గుమ్మం మీదా కెమెరా కన్ను. పార్సెలు తెచ్చిన అబ్బాయికి నంబరు చెబితే తప్ప డబ్బా ఇవ్వడు, నేను వాణ్ణి నమ్మననీ, వాడు నన్ను నమ్మడనీ ఇద్దరికీ తెలుసు, ఎవరికీ కష్టం లేదు. అప్పట్లో అనుమానించాలంటే ఎదటిమనిషి మొహం చూసి అనుమానించాలి. ఆ తరవాత ఆ మొహంతో కలిసి బతకాలి. ఇప్పుడు ఆ బాధ లేదు, యంత్రం చూసుకుంటుంది. ఇదే నయమేమో. నాకు తేలడం లేదు.

కుట్లు విప్పిన మర్నాడు అమ్మ నన్ను బడి మాన్పించి కంటోన్మెంటుకి తీసుకెళ్ళింది. ఒంటరిగా వెళ్ళే ధైర్యం లేక అనుకుంటాను. ఆంటీ క్వార్టర్లో పరదాలు తీసేశారు. ముందుగదిలో నల్ల ట్రంకుపెట్టెలు, వాటి మీద తెల్లరంగుతో సుబేదారు గారి పేరు. మమ్మల్ని చూసి ఆంటీ పక్కకి జరిగి దారిచ్చింది. అమ్మ కూర్చోకుండానే సంచీలోంచి ముక్క తీసి ఒక పెట్టె మీద పరిచింది. ముందు వెలిసిన వైపు, తరవాత తిరగేసి రెండో వైపు.

ఆంటీ అటూ ఇటూ రెండుసార్లు తిప్పి చూసింది. అంతలోనే పకపకా నవ్వింది. “హారి దేవుడా! ఎండా? ఎండ చేసిన పనా ఇది?” అంటూ అమ్మ భుజం మీద చెయ్యేసింది. అమ్మ ఏడుస్తూ నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంక అంతా మామూలే, ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళి కంచం ముందేసుకుంటారు అనుకున్నాను. నవ్వు ఆగాక ఆంటీ కళ్ళు తుడుచుకుని, ముక్కని మడిచి అమ్మ చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదలకుండా అడిగింది.

“పిన్నిగారి మాట వదిలెయ్, పెద్దావిడ. నువ్వేమనుకున్నావే సుశీ?”

అమ్మ ట్రంకుపెట్టెల వైపు చూసింది.

“నిన్నే అడుగుతున్నా.”

“అనుమానం వచ్చింది రాజీ.”

“ఎన్నాళ్ళు?”

“ఈ కుట్లు విప్పేదాకా” అంది అమ్మ.

ఆంటీ తల ఊపింది. చెయ్యి మెల్లిగా వదిలింది. “భోంచేసి వెళుదురు గాని” అని లోపలికి వెళ్ళింది. కట్టేసిన పెట్టె ఒకటి విప్పి మంచి కంచాలు తీసింది. ముందుగదిలో బల్ల మీద మాకు ఇద్దరికీ వేరువేరుగా వడ్డించింది. వంకాయ కూర, చారు, గడ్డపెరుగు, లోపం లేదు. “నువ్వూ కూర్చో రాజీ” అంటే, “మీరు కానివ్వండి, నేను తరవాత తింటాను” అంది. వెళ్ళేటప్పుడు అమ్మకి బొట్టు పెట్టి రవికెల గుడ్డ చేతిలో పెట్టింది. మిల్లు గుడ్డ, మడత విప్పనిది. జబల్‌పూర్ వెళ్ళాక ఉత్తరం రాస్తానంది. రాయలేదు. అమ్మ రాసిన వాటికి జవాబు రాలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. నాకు అప్పటిదాకా ఆపుకున్న కోపం ఒక్కసారి వచ్చింది. “అనుమానించలేదని చెప్పాల్సిందమ్మా! ఆంటీ నవ్వుతూనే ఉండేది కదా” అన్నాను. అమ్మ ఒళ్ళో రవికెల గుడ్డని సవరించుకుంది.

“చెబితే మాత్రం నమ్మేదా?” అంది.